గుర్తుపట్టే చర్మం

(ధర్మపురి తెలుగువారి సభలో చేసిన యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం)



ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, సంతలో రెండూ కలిపి మాట్లాడే చోటు మనది. ఇక్కడ సుబ్బారావు గారిని తలుచుకోవడానికి ఇంతమంది రావడం చూస్తే మనసు నిండింది. ఆయన పేరు మీద ఏం మాట్లాడతారని నిర్వాహకులు అడిగితే చర్మం గురించి అన్నాను. వాళ్ళు కాస్త ఆశ్చర్యపోయారు. సుబ్బారావు గారంటే ఏటీపీ, ఫోలిక్ యాసిడ్, బోదకాలు మందు, ఆరియోమైసిన్ గుర్తుకొస్తాయి గానీ చర్మం ఎవరికి గుర్తుకొస్తుంది? చర్మవైద్యుణ్ణి కాబట్టి నాకు మాత్రం ఆయన తరచూ గుర్తుకొస్తారు. సోరియాసిస్ ఒళ్ళంతా కమ్ముకున్నవారికి నేను రాసే మాత్రల్లో మెథోట్రెక్సేట్ ముఖ్యమైంది. దాని పుట్టిల్లు ఆయన నడిపిన ప్రయోగశాల.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. అన్నదమ్ములను స్ప్రూ అనే పేగుల వ్యాధి పొట్టన పెట్టుకుంది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టుకున్నందుకు ఇంగ్లీషు ప్రొఫెసర్ ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్ రావలసిన చోట ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకున్నారు. ఆ తరవాత హార్వర్డు చేరారు. సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో కణాలకు శక్తినిచ్చే ఏటీపీని బయటపెట్టారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ సంస్థలో పరిశోధనకు వెళ్ళారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. ఆ తరవాత దానికి పోటీగా నిలబడి దాని పని ఆపే అణువులనూ తయారుచేసింది. వాటిలో ఒకటి అమినోప్టెరిన్, రెండోది మెథోట్రెక్సేట్. అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు కొన్నాళ్ళైనా ఊపిరి పోయగలిగారు. ఆ ఫలితం అచ్చైన 1948లోనే, ఆగస్టు నెలలో, సుబ్బారావు గారు కన్నుమూశారు. యాభై మూడేళ్ళ వయసు.

మూడేళ్ళ తరవాత, 1951లో, గబ్నర్ అనే అమెరికన్ వైద్యుడూ ఆయన సహచరులూ కీళ్ళవాతానికి అమినోప్టెరిన్ ఇచ్చి చూస్తున్నారు. సోరియాసిస్ కూడా ఉన్న రోగికి ఒంటిమీద పొలుసులు రాలి చర్మం తేటబడింది. ఈ జాతి మాత్రలు చర్మవైద్యంలోకి వచ్చిన దారి అది. ఎందుకు తగ్గిందో అప్పటికి సరిగ్గా తెలియదు. తెలియడానికి మరో నలభై ఏళ్ళు పట్టింది. ఆ జవాబు కణాల మీద ఉండే గ్రాహకాల దగ్గర, అంటే రిసెప్టర్ల దగ్గర దొరికింది. అందుకే ఈ సాయంత్రం నా మాటంతా వాటి గురించే.

గ్రాహకం ఒక ప్రోటీన్ అణువు. ఎక్కువ గ్రాహకాలు కణం పైపొరలో గుచ్చుకుని ఉంటాయి. కొంత భాగం బయటికి, కొంత లోపలికి. బయటి భాగానికి ఫలానా పదార్థమే అతుకుతుంది. అతకగానే లోపలి భాగం ఆకారం మారుతుంది. ఆ మార్పు ఒకదాన్నుంచి ఒకదానికి అందుతూ కేంద్రకం దాకా పోయి, ఏ జన్యువును చదవాలో, దేన్ని మూసిపెట్టాలో తేలుస్తుంది. మరికొన్ని గ్రాహకాలు కణం లోపలే కాచుకుని ఉంటాయి. స్టెరాయిడ్లు, విటమిన్ ఎ, విటమిన్ డి లాంటివి పొర దాటి వెళ్ళి వాటిని కలుసుకుంటాయి. 1905లో కేంబ్రిడ్జిలో లాంగ్లీ అనే శాస్త్రవేత్త నరం తెగిన కండరం మీద కూడా నికోటిన్ పనిచేయడం, క్యురారే దాన్ని ఆపడం చూసి, కండరంలోనే మందును అందుకునే పదార్థమేదో ఉందని తేల్చారు. కళ్ళతో చూడకుండానే అంత కచ్చితంగా చెప్పగలిగారంటే చేతులెత్తి మొక్కాలి.

పూర్వం ఊరి పొలిమేరలో తలారి ఉండేవాడు. కొత్త మనిషి కనబడితే చుట్టమో దొంగో తేల్చుకుని, దొంగైతే కేకేసేవాడు. చర్మంలో గ్రాహకాలది ఆ ఉద్యోగమే. నేను ఈ వృత్తిలో ఇన్నేళ్ళుగా చూస్తున్న రోగాల్లో చాలావాటిలో బయటినుంచి వచ్చినదాని బలం కన్నా మన కణం దాన్ని ఎలా గుర్తుపట్టిందన్నదే రోగం రూపాన్ని తేలుస్తుంది. ఈ ఒక్క మాట మీకు నచ్చచెప్పగలిగితే చాలు.

ముందు మనందరికీ అనుభవమైనదాన్ని చూద్దాం. ఆవకాయ కలిపిన చెయ్యి రాత్రిదాకా మండుతుంది. చూస్తే బొబ్బ లేదు, కాలిన గుర్తు లేదు. 1997లో కాలిఫోర్నియాలో డేవిడ్ జూలియస్ బృందం దీని గుట్టు విప్పింది. నరాల చివర్లలో టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ఉంది. దాని అసలు పని సుమారు 43 డిగ్రీలు దాటిన వేడిని పసిగట్టడం. మిరపకాయలోని క్యాప్సైసిన్ సరిగ్గా దానికే అతుకుతుంది. మెదడుకు అందే కబురు రెండు సందర్భాల్లోనూ ఒకటే, కాలుతోందని. క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే మన అమ్మమ్మలు మండే చేతికి నూనె రాసి, ఆ తరవాత కడుక్కోమనేవారు. ఈ పనికి జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది.

నరాలే కాదు, చర్మంలో ఇంకా చాలామంది కాపలాదారులున్నారు. పైపొరలోని కెరటినోసైట్ కణాలు కేవలం అడ్డుగోడ అని మేం చదువుకునే రోజుల్లో అనుకునేవాళ్ళం. ఇప్పుడు వాటి మీద డజన్లకొద్దీ గ్రాహకాలు బయటపడ్డాయి. 1868లో బెర్లిన్‌లో ఇంకా విద్యార్థిగా ఉన్న పాల్ లాంగర్‌హాన్స్, చర్మం ముక్కకు బంగారు లవణం పట్టించి సూక్ష్మదర్శినిలో చూసి, కొమ్మలు చాచిన కణాలను కనిపెట్టాడు. నరాలకు చెందినవనుకున్నాడు. అవి రోగనిరోధక శక్తి తాలూకు కణాలని తెలిసింది వందేళ్ళకు పైగా గడిచాకనే. సూక్ష్మజీవి ముక్కలను పట్టుకుని లసిక గ్రంథులకు మోసుకెళ్ళి చూపించడం వాటి పని.

ఇప్పుడు ఈ జిల్లాలోనే జరిగిన కథకు వస్తాను.

పాప్పారపట్టి ఇక్కడికి దగ్గరే. స్వాతంత్ర్య సమరయోధుడు సుబ్రహ్మణ్య శివ అక్కడ 1925 జూలై 23న కన్నుమూశారు. 1908లో చిదంబరం పిళ్ళైతో పాటు రాజద్రోహం కింద శిక్షపడి, 1912లో విడుదలయ్యారు. జైలు ఆయనకు ఇచ్చి పంపింది కుష్టువ్యాధి. బయటికొచ్చాక పత్రిక నడిపారు, ఊరూరా ఉపన్యాసాలిచ్చారు. రోగం ముదిరాక రైలెక్కనివ్వలేదు. అయినా ఆగలేదు, నడిచి తిరిగారు, ఎడ్లబండ్ల మీద తిరిగారు. పాప్పారపట్టిలో భారతమాత గుడి కట్టాలని తలపెట్టి 1923లో చిత్తరంజన్ దాస్ చేత పునాదిరాయి వేయించారు. పోయేనాటికి నలభై ఏళ్ళ మనిషి. ఆ రోజుల్లో చాల్‌మూగ్రా నూనె తప్ప మందు లేదు. 1898 నాటి చట్టం దిక్కులేని కుష్టురోగులను పట్టి ఆశ్రమాల్లో మూయమంది. ఆ చట్టాన్ని మన పార్లమెంటు పూర్తిగా తీసేసింది 2016లో. భార్యకో భర్తకో కుష్టు ఉందని విడాకులడిగే వీలును తొలగించింది 2019లో. అప్పటికి ఈ రోగం మందుతో నయమవుతోంది, ఎన్నో ఏళ్ళుగా నయమవుతోంది. మన చట్టాలకు ఆ సంగతి అంత ఆలస్యంగా తెలిసిందంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కుష్టు బాక్టీరియాను 1873లో నార్వేలో హాన్సెన్ కనుగొన్నారు. పరమ నిదానమైన జీవి. ఒకటి రెండు కావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. విషం కక్కదు. వంద మందికి సోకితే తొంభై అయిదు మంది దాకా ఏ రోగమూ రాకుండానే బయటపడతారు. మిగిలినవారిలో కూడా రోగం ఒకే తీరుగా రాదు. ఒకరికి వీపు మీద ఒకే ఒక్క పాలిపోయిన మచ్చ. అందులో బాక్టీరియా వెతికినా దొరకదు. ఇంకొకరికి ముఖమంతా గడ్డలు, చెవితమ్మెలు దళసరెక్కి, కనుబొమలు రాలి, ఒక్కొక్క ముక్కలో కోట్ల బాక్టీరియా. 1966లో రిడ్లీ, జోప్లింగ్ ఈ రెండు కొసల మధ్య మెట్లు కట్టి వర్గీకరించారు. బాక్టీరియా రెండు చోట్లా ఒక్కటే. మరి తేడా ఎక్కడిది?

టోల్ గ్రాహకాలు, పొట్టిగా టీఎల్ఆర్‌లు, అని ఒక కుటుంబం ఉంది. మొదట ఈగల్లో వాటి కాపలా పనిని జూల్స్ హాఫ్‌మన్ చూపించారు. 1998లో బ్రూస్ బ్యూట్లర్ ఎలుకల్లో టీఎల్ఆర్4 బాక్టీరియా పైపొరలోని కొవ్వు పదార్థాన్ని పట్టుకుంటుందని నిరూపించారు. 2011లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. కుష్టు బాక్టీరియా పైనున్న కొవ్వు ప్రోటీన్లను పట్టేవి టీఎల్ఆర్2, టీఎల్ఆర్1 జంటగా. 2003లో లాస్ ఏంజిలిస్‌లో రాబర్ట్ మోడ్లిన్ బృందం కుష్టురోగుల చర్మం ముక్కలను పక్కపక్కన పెట్టి చూసింది. ఒకే మచ్చతో ఆగిన రోగుల చర్మంలో ఈ గ్రాహకాలు గట్టిగా కనబడ్డాయి. గడ్డలతో నిండిన రోగుల చర్మంలో బలహీనంగా ఉన్నాయి. గుర్తుపట్టినచోట రోగం ఒక మచ్చకు కట్టుబడింది, గుర్తుపట్టనిచోట ఒళ్ళంతా పాకింది.

అదే బృందం 2006లో మరో అడుగు వేసింది. టీఎల్ఆర్2 మేల్కొనగానే కణంలో విటమిన్ డి గ్రాహకం పెరుగుతుంది. రక్తంలో ఉన్న విటమిన్ డి దానికి అతికితే కాథెలిసిడిన్ అనే సూక్ష్మజీవులను చంపే పదార్థం తయారవుతుంది. ఆ ప్రయోగం క్షయ బాక్టీరియా మీద జరిగింది. క్షయ, కుష్టు దగ్గరి బంధువులు. బయటి పొర మీది గ్రాహకం, లోపలి గ్రాహకం చేయి చేయి కలిపి పనిచేస్తాయని ఇంత స్పష్టంగా కనబడడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

నరాల సంగతి ఇంకా విచారకరం. నరాల చుట్టూ చుట్టుకుని ఉండే ష్వాన్ కణం మీద డిస్ట్రోగ్లైకాన్ అనే గ్రాహకం ఉంది. దాని అసలు ఉద్యోగం కణాన్ని చుట్టూ ఉన్న లామినిన్ పొరకు పట్టి ఉంచడం. కుష్టు బాక్టీరియా ఆ లామినిన్‌నే పట్టుకుని గ్రాహకం దగ్గరికి చేరుతుందని 1998లో తేలింది. స్పర్శ పోవడం ఈ దారినే.

అందుకే మా పరీక్ష అంత సులువుగా ఉంటుంది. పాలిపోయిన మచ్చ చూస్తే రోగిని కళ్ళు మూసుకోమంటాం. దూది కొసను సన్నగా పేని, మచ్చ బయట ఒకసారి, లోపల ఒకసారి ఆనిస్తాం. తగిలినచోట వేలు పెట్టి చూపించమంటాం. బయట తగిలితే వెంటనే వేలు పెడతారు. మచ్చ మధ్యలో తగిలినప్పుడు ఊరుకుంటారు, ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకుంటారు. ఆ ఊరుకోవడంలో రోగం పేరు దొరికిపోతుంది. మోచేతి వెనక, మోకాలి పక్కన నరం లావెక్కిందేమో వేళ్ళతో తడిమి చూస్తాం. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మూడు మందుల వైద్యం ఇప్పుడు సర్కారు ఆస్పత్రుల్లో ఉచితం. ఆరు నెలలో, ఏడాదో. మొదటి మోతాదులతోనే అంటించే గుణం పోతుంది. సుబ్రహ్మణ్య శివ మరో ముప్ఫై ఏళ్ళు బతికి ఉంటే డాప్సోన్ అందేది.

గుర్తుపట్టకపోవడం వల్ల వచ్చే రోగం చూశాం. అక్కరలేనిదాన్ని గుర్తుపెట్టుకోవడం వల్ల వచ్చే రోగం మన పొలం గట్ల మీదే ఉంది. వయ్యారిభామ మొక్క మీ అందరికీ తెలుసు. 1950ల్లో పూణే దగ్గర కనబడి దేశమంతా పాకింది. దానిలోని పార్థెనిన్ గాలిలో ఎగిరే ఎండుటాకు పొడితో పాటు చర్మం మీద పడి, మన ప్రోటీన్లకే అతుకుతుంది. లాంగర్‌హాన్స్ కణాలు, వాటి జాతి కణాలు ఆ అతికిన ముక్కను తీసుకెళ్ళి టి కణాలకు చూపిస్తాయి. ఒక్కొక్క టి కణానికి ఒక్కొక్క రకం గ్రాహకం. సరిగ్గా దానికి సరిపోయే గ్రాహకమున్న కణం దొరికిందా, అది వందలు వేలుగా పెరిగి జ్ఞాపకం పెట్టుకుంటుంది. ఆ జ్ఞాపకం ఏళ్ళతరబడి పోదు.

వాననాళ్ళ తరవాత రైతులు వస్తారు. కనురెప్పలు వాచి, మెడ మడతలు నల్లబడి దళసరెక్కి, చెవుల వెనక, మోచేతి మడతల్లో రసి కారుతూ, చొక్కా కప్పిన వీపు మాత్రం శుభ్రంగా. పట్నంలో కూతురింటికెళ్ళి పదిరోజులుంటే తగ్గుతుంది. తిరిగొచ్చి గట్టెక్కితే మళ్ళీ మొదలు. ఊళ్ళో దాన్ని వేడి చేసిందంటారు, తిండి పడలేదంటారు. వంకాయ, చేప మానేసి సన్నబడిన వారిని ఎందరినో చూశాను. వాళ్ళు మానవలసింది వంకాయ కాదు. ఆ మొక్కను పూతకు రాకముందే, ఒంటినిండా బట్ట కట్టుకున్న ఇంకొకరి చేత పీకించాలి. తీవ్రంగా ఉన్నవారికి అజాథియోప్రిన్ లాంటి మందులతో మేలు చేయగలుగుతున్నాం.

గిల్టు గాజులు, చెవిదుద్దులు, లంగాకు పెట్టే పిన్నీసు వీటి దగ్గర దురదపుట్టే ఆడపిల్లలు కూడా చాలామంది. అది నికెల్ చలవ. 2010లో జర్మనీ పరిశోధకులు వింత చూపించారు. నికెల్ మనిషి టీఎల్ఆర్4కు సూటిగా అతుకుతుంది. బాక్టీరియా వచ్చిందనుకుని కణం కేకేస్తుంది. అతకడానికి పనికొచ్చే హిస్టిడిన్ అమైనో ఆమ్లాలు మనిషి గ్రాహకంలో ఉన్నాయి, ఎలుక గ్రాహకంలో ఆ చోట లేవు. అందుకే ఎలుకకు మామూలుగా నికెల్ పడకపోవడమనేది లేదు.

దురద మాట వచ్చింది కాబట్టి ఒక విషయం. దురదంటే సెట్రిజిన్ అని మందుల షాపుల్లో స్థిరపడిపోయింది. దద్దుర్లకు అది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే దద్దురులో మాస్ట్ కణం వదిలే హిస్టమిన్ హెచ్1 గ్రాహకాన్ని పట్టుకుంటుంది, సెట్రిజిన్ ఆ గ్రాహకాన్ని అడ్డుకుంటుంది. పసిపిల్లలకు బుగ్గల మీద, మోకాలి మడతల్లో వచ్చే ఎగ్జిమాలో దురద ప్రధానంగా హిస్టమిన్‌ది కాదు. ఇంటర్‌ల్యూకిన్4, 13, 31 అనే కబుర్లు నరాల మీది వేరే గ్రాహకాలకు చేరతాయి. అందుకే ఆ పిల్లకు ఎన్ని సెట్రిజిన్ సిరప్పులు పోసినా మగతే తప్ప దురద తగ్గదు, తల్లికి రాత్రి నిద్ర ఉండదు. 4, 13 రెండూ వాడుకునే గ్రాహకాన్ని ఒకేసారి మూసే డుపిలుమాబ్ ఇంజెక్షన్‌కు 2017లో అమెరికాలో అనుమతి వచ్చింది. మంచి మందే. మన దగ్గర చాలామందికి దాని ధర అందదు. స్నానం కాగానే, ఒళ్ళు ఇంకా తడిగా ఉండగానే, వాసన లేని వేజలిన్ రోజుకు రెండుసార్లు పట్టించడం మాత్రం ఎవరికైనా అందుతుంది. చర్మపు గోడ బీటలువారినప్పుడే కదా ఆ కబుర్లన్నీ మొదలయ్యేది.

ఇప్పుడు సోరియాసిస్. ఆరోగ్యమైన చర్మంలో అడుగున పుట్టిన కెరటినోసైట్ పైకొచ్చి రాలిపోవడానికి సుమారు నెల పడుతుంది. సోరియాసిస్‌లో నాలుగైదు రోజుల్లో పరిగెత్తుకొస్తుంది. పచ్చిగానే పైకొచ్చి తెల్లటి పొలుసులుగా పేరుకుంటుంది. మచ్చను గాజుపలక అంచుతో మెల్లగా గీకితే మైనం రజనులా రాలి, ఇంకాస్త గీకితే సన్నటి పొర ఊడి, కింద సూదిమొనలంత రక్తపు చుక్కలు వరసగా లేస్తాయి. ఆస్పిట్జ్ గుర్తు అంటాం. పైకి పాకి వచ్చిన రక్తకేశనాళికల కొసలు అవి. లోపల జరిగేది ఇది. ఇంటర్‌ల్యూకిన్23 టి కణాల గ్రాహకాలను తట్టి లేపుతుంది. అవి ఇంటర్‌ల్యూకిన్17ను వదులుతాయి. కెరటినోసైట్ మీద దానికి గ్రాహకం ఉంది. అది అందుకున్న కెరటినోసైట్ తాను వేగంగా పెరగడమే కాక, ఇంకా ఇంకా తెల్లకణాలను పిలుస్తుంది. వచ్చినవి మళ్ళీ దాన్నే రెచ్చగొడతాయి. ఎవరూ ఆపని కేకల పోటీ.

మెథోట్రెక్సేట్ ఇందులో ఎక్కడ అడ్డుపడుతుంది? కణవిభజనను ఆపుతుంది కాబట్టి అని చాలాకాలం చెప్పుకున్నాం. ఆ జవాబు సరిపోదు. క్యాన్సర్‌కు ఇచ్చేదానిలో చిన్న భాగమే సోరియాసిస్‌కు ఇస్తాం, అదీ వారానికి ఒక్కసారి. పైగా ఇంకొక రోజు ఫోలిక్ యాసిడ్ మాత్ర వేస్తాం, అయినా పని చెడదు. 1990ల్లో న్యూయార్క్‌లో బ్రూస్ క్రోన్‌స్టైన్ బృందం వేరే దారి చూపింది. ఆ కొద్ది మోతాదు కణంలో ఒక ఎంజైమును మందగింపజేస్తుంది. దాని ఫలితంగా కణాల బయట అడినోసిన్ పోగవుతుంది. ఆ అడినోసిన్ తెల్లకణాల మీది ఎ2ఎ అనే గ్రాహకానికి అతికి, చాలించమని చెబుతుంది. ఇదొక్కటే దారి అని ఎవరూ అనరు గానీ దీనికి బలమైన ఆధారాలున్నాయి.

అడినోసిన్ ఎవరో గుర్తుపట్టారా? ఏటీపీలో మొదటి అక్షరం అదే. 1929లో సుబ్బారావు గారు కండరంలోంచి బయటికి తీసిన అణువులోని ముఖ్యభాగం. లెడర్లీలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది, దాని ప్రత్యర్థినీ తయారుచేసింది. ఆ ప్రత్యర్థి పనిచేసేది, హార్వర్డులో ఆయన తన చేతులతో వెలికితీసినదాని ముక్క ద్వారా. ధర్మపురిలో ఒక సోరియాసిస్ రోగి సోమవారం మెథోట్రెక్సేట్ వేసుకుని, బుధవారం ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే, ఆ మనిషి వారంలో ఆయన జీవితంలోని మూడు పనులూ కలిసి నడుస్తాయి. ఆయన స్వయంగా ఇది చూడలేదు. కనీసం మనమైనా చూస్తున్నాం.

ఈ మందు గురించి ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. ఇది వారానికి ఒకసారి వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే నోరు పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి, ప్రాణం మీదికి వస్తుంది. చీటీ మీద డాక్టరు వారం పేరు రాయాలి. రాయకపోతే మీరు అడిగి రాయించుకోవాలి. కడుపుతో ఉన్నవారికి, బిడ్డ కావాలనుకునేవారికి పనికిరాదు. తాగేవారి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. రక్తపరీక్షలు తప్పవు.

ఇక నా మనసును ఎక్కువగా పీడించే విషయం చెప్పాలి. స్టెరాయిడ్ క్రీములు. 1952లో సల్జ్‌బర్గర్, విట్టెన్ హైడ్రోకార్టిసోన్‌ను పూతమందుగా పరిచయం చేసినప్పుడు చర్మవైద్యం మలుపు తిరిగింది. స్టెరాయిడ్ గ్రాహకం కణం లోపల ఉంటుంది. మందు అతకగానే కేంద్రకంలోకి వెళ్ళి మంట పుట్టించే జన్యువుల మీద మూత పెడుతుంది. సరైన రోగానికి, సరైన చోట, సరైన రోజులు వాడితే ఇంత గొప్ప మందు మా చేతిలో ఇంకొకటి లేదు. ఇబ్బందల్లా ఆ గ్రాహకం దాదాపు ప్రతి కణంలోనూ ఉండడం. కొల్లాజెన్ తయారుచేసే కణంలోనూ ఉంది, అందుకే చర్మం పల్చబడుతుంది, చారలు పడతాయి. కాపలా కణాల్లోనూ ఉంది, అందుకే శత్రువు ఎదురుగా ఉన్నా అవి నోరెత్తవు.

తామర వచ్చినవారు షాపుకు వెళ్ళి దురద క్రీము ఇమ్మంటారు. ఇచ్చే ట్యూబులో తరచుగా క్లోబెటాసాల్ అనే అతి బలమైన స్టెరాయిడ్, తామర మందు, బాక్టీరియా మందు మూడూ కలిపి ఉంటాయి. రెండు రోజుల్లో దురద మాయం. కాపలావాడి నోరు నొక్కారు, దొంగ లోపలే ఉన్నాడు. మానగానే తామర రెండింతలై, అంచులు చెదిరి, గుర్తుపట్టడానికి వీల్లేని రూపంలో తిరిగొస్తుంది. ఇంట్లో అందరికీ అదే తువ్వాలు, అదే ట్యూబు. గత పదేళ్ళలో దేశమంతా టెర్బినాఫిన్‌కు లొంగని తామర పెరిగింది. దానికి కారణమైన శిలీంధ్రానికి శాస్త్రవేత్తలు 2020లో పెట్టిన పేరులోనే మన దేశం ఉంది, ట్రైకోఫైటాన్ ఇండోటినియే. 2018లో కేంద్రం స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన కట్టుదిట్టం చేసింది. నిబంధన ఉంది, ట్యూబులు మాత్రం ఇప్పటికీ అడిగితే దొరుకుతున్నాయి.

ఒక అమ్మాయి వచ్చింది, పెళ్ళి చూపుల కోసం తెల్లబడాలని ఎవరో చెప్పిన క్రీము నెలల తరబడి ముఖానికి రాసుకుంది. బుగ్గల మీద సన్నటి ఎర్రటి రక్తనాళాలు, గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు. ఎండలోకి పోతే నిప్పు కక్కినట్టు మంట. మానేస్తే ఇంకా మంట. మళ్ళీ రాస్తే కాస్త ఉపశమనం. ముఖం కప్పుకుని వచ్చిన ఆ పిల్ల వాళ్ళమ్మ వైపు చూడలేకపోయింది. మామూలు రంగులో ఉన్న ఆరోగ్యమైన చర్మానికి జబ్బు తెచ్చిపెట్టాం. ఆ పిల్ల చర్మంలో లోపమేమీ లేదు, మన ఆశల్లో ఉంది.

సోరియాసిస్‌కు స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు వేయించుకుని హఠాత్తుగా ఆపినవారికి ఒళ్ళంతా చీము పొక్కులు లేచి జ్వరంతో ఆస్పత్రి పాలవడం మేమంతా చూశాం. అందులో ప్రధాన పాత్ర ఇంటర్‌ల్యూకిన్36 గ్రాహకానిదని తేలింది. దాన్ని మూసే స్పెసోలిమాబ్ 2022లో అమెరికాలో అనుమతి పొందింది. మనకు కొత్తవి దూరమేమీ కాదు. బెంగళూరులో బయోకాన్, క్యూబా శాస్త్రవేత్తలతో కలిసి అభివృద్ధి చేసిన ఇటోలిజుమాబ్‌ను 2013లోనే సోరియాసిస్ కోసం విడుదల చేసింది. అది టి కణాల మీది సీడీ6 అనే గ్రాహకాన్ని పట్టుకుంటుంది. పరిశోధన ఉంది, చేయగలిగినవారున్నారు. పేదవాడికి అందే ధర ఒక్కటే ఇంకా రావాలి.

చివరిగా మా వృత్తివారికీ, ఇక్కడ కూర్చున్న వైద్యవిద్యార్థులకూ ఒక మాట. మన పాఠ్యపుస్తకాల్లో మంట అంటే ఎరుపు. ఆ బొమ్మలు ఎక్కువగా తెల్లచర్మానివి. మన చాయలో సోరియాసిస్ ఊదాగా, ఎగ్జిమా బూడిద కలిసిన గోధుమ రంగుగా కనబడుతుంది. తగ్గాక కూడా నల్లమచ్చ నెలలు ఉండిపోతుంది, రోగి దాన్నే రోగమనుకుని మళ్ళీ క్రీము రాస్తాడు. కంటితో పాటు వేలితో చూడండి. వెచ్చగా ఉందా, దళసరిగా ఉందా, పొలుసు రాలుతోందా. దూదితో ఆనించి చూడండి.

మీకందరికీ నా మనవి ఇదే. ఇంట్లో పేరు తెలియని చర్మం ట్యూబు ఉంటే పారేయకండి, డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళండి. ఏం రాశారో చూస్తేగానీ ఏం దాగిందో తెలియదు. వయ్యారిభామ పీకే పని ఊరంతా ఒకేరోజు పెట్టుకోండి. స్పర్శ తెలియని మచ్చ ఇంట్లో ఎవరికైనా ఉంటే దాచకండి, మందు ఉచితం, నయం కావడం ఖాయం. సభ అయ్యాక పక్క గదిలో కూర్చుంటాను. ముందు పిల్లలను, దూరం ఊళ్ళనుంచి వచ్చినవారిని పంపండి. చివరి బస్సు పోకముందే వాళ్ళను చూసేస్తాను.